కాజా కుట్టు బూట్లు

హైదరాబాదు,
24 ఆగస్టు 2011

మెహనాజ్ ఆపాకు,
అస్సలాము అలైకుం.

ముందు కూర్చో. మిషన్ తొక్కుతూ చదవకు, వేలికి సూది దిగుతుంది.

ఆపా, నాకు ఉద్యోగం దొరికింది! అదీ ఎక్కడ? బంజారాహిల్స్‌లో, పేరు పలకడానికి నోరు తిరగని జర్మనీ కార్లు అమ్మే షోరూంలో! చేరి నెలయింది. ఉంచుతారో పంపుతారో తేలకముందే టముకు ఎందుకని ఆగాను. ఇక ఆగడం నా వల్ల కాలేదు. నేల ఎంత నునుపంటే మొదటి రోజు నడవడానికే భయమేసింది. మెడకు టై కట్టుకుంటున్నాను. ఏసీ చలికి రోజా ఉపవాసమే తెలియడం లేదు. కాకపోతే నోరు కట్టుకుని, వచ్చినవాళ్లందరికీ కాఫీలు మోయాలి, అదే కష్టం.

ఇక్కడ కారు అమ్మడం కంటే ముందు మనిషిని చదవడం నేర్పుతారు. నా సీనియర్ ఫణీంద్రది బెజవాడ. మంచివాడే, మూడేళ్లలో నలభై కార్లు అమ్మాడు. "కాళ్లు చూడు, తర్వాత చెయ్యి చూడు, మొహం ఆఖర్న చూడు" అంటాడు. మంచి బూట్లూ ఖరీదైన గడియారమూ ఉంటే ఆ మనిషి 'పార్టీ'. పింగాణీ కప్పులో కాఫీ. బూట్లుండి గడియారం నాసిరకమైతే 'ఫోటో'. అంటే కారు పక్కన ఫోటో దిగి పోయేవాడన్నమాట. కాగితం కప్పులో టీ చాలు. చెప్పులేసుకుని వస్తే 'గాలి', ఏసీ గాలి కోసం వచ్చాడని. గ్లాసుడు నీళ్లు, అదీ అడిగితేనే. మనిషి తలుపు తోయగానే గాజుగదిలోంచి కాళ్లు చూసి పేరు పెట్టేస్తాం. నిన్న పదకొండు మందిలో పది మందిని సరిగ్గా చెప్పాను! ఫణీంద్ర భుజం తట్టాడు.

నా మాట కూడా మార్చుకోమన్నారు. "ఏంది సార్" అంటే మేనేజర్ ఒకటే నవ్వు, సినిమాలో హాస్యగాడిలా ఉందట. అందుకని అద్దం ముందు నిలబడి "ఏమిటండీ" అని సాధన చేస్తున్నాను.

ఒక్కటే షరతు. దీపావళిలోగా ఒక్క కారైనా అమ్మాలి. అమ్మితే ఉద్యోగం పక్కా, లేకపోతే టై విప్పి ఇచ్చేసి రావాలి. మహబూబాబాదులో షిఫా వాళ్ల అబ్బా సంగతి నీకు తెలుసు కదా. ఉద్యోగం పక్కా అయ్యాకే మా ఇద్దరి నిఖా తారీఖు అన్నాడు. గాజుల దుకాణం నడిపే మనిషి, మోగించి చూడందే దేన్నీ నమ్మడు.

పొద్దున గేటు దగ్గరే మా ఫోన్లు పెట్టెలో వేయించుకుంటారు. నీ ఫోన్ చూస్తే ఎప్పుడూ చచ్చిపోయే ఉంటుంది. అందుకే మన అబ్బా పద్ధతే నయమనిపించి, ఈ ఉత్తరం భూపాలపల్లి బస్సు డ్రైవరు సోమనర్సయ్య మామ చేతికిస్తున్నాను. అబ్బా జనగామ డిపోలో స్టీరింగ్ పట్టిన ఇరవై ఏళ్లలో మన ఇంటి ఉత్తరాలకు ఒక్క స్టాంపు అంటించిన పాపాన పోలేదు.

టై కట్టుకున్న నీ తమ్ముడు,
అకీల్

---

భూపాలపల్లి,
11 సెప్టెంబరు 2011

అకీల్‌కు,
వ అలైకుం సలాం. అల్లా నీకు బుద్ధి ప్రసాదించుగాక.

నీ ఉత్తరం సగం దాకా చదివి, షిఫ్టు చేసొచ్చి పడుకున్న మీ బావను లేపి మరీ వినిపించాను. "మా అకీలు పెద్దోడైండు పో!" అని ముజాహిద్ మంచం మీద లేచి కూర్చున్నాడు. మిగతా సగం చదివాక మళ్లీ ముసుగు తన్నాడు.

పదకొండు మందిలో పది మందిని సరిగ్గా చెప్పావా? మరి ఆ పదకొండో మనిషి ఎవడురా? వాడి ఊసు రాయలేదేం?

అబ్బా డ్యూటీలో తప్ప ఏనాడైనా బూట్లు వేశాడా? బస్సు దిగితే రబ్బరు చెప్పులే కదా. మన అబ్బా బతికుండి మీ షోరూంకి వస్తే 'గాలి' అని పేరు పెట్టి గ్లాసుడు నీళ్లిస్తావా? అదీ అడిగితేనే? అబ్బా అడిగే రకం కాదు. దాహంతోనే వెళ్లిపోయేవాడు. ఆ మాట తలచుకుంటే నాకు అన్నం సయించలేదు.

ఇక నీ "ఏమిటండీ" ఒకటి. ఇక్కడ ఊరంతా మన మాట, మన రాష్ట్రం అని గొంతు పోయేలా అరుస్తుంటే నువ్వు అద్దం ముందు మాట మార్చుకుంటున్నావు. పదమూడు నుంచి సకల జనుల సమ్మె. మీ బావ బొగ్గుబాయి దిగడు, జీతం రాదు. ఇక ఈ ఇంటికి నా మిషనూ నీ ఉద్యోగమే దిక్కు. కాబట్టి మానెయ్యమని అనలేను. కానీ ఒట్టెయ్యి. ఇకమీద చెప్పులతో వచ్చిన మనిషికి నీ చేత్తో కాఫీ ఇవ్వాలి. అబ్బా మీద ఒట్టు.

కారు కొనే మనిషిని నేనూ వెతుకుతాను. నవ్వకు. రవికెలు కుట్టేదాన్ని, ఎవరింట్లో ఏముందో నాకు తెలిసినంత ఈ ఊళ్లో ఇంకెవరికి తెలుసు?

సోమనర్సయ్య మామ చేతికి ఖర్జూరాలిచ్చాను. దారిలో ఆయన తినకపోతే నీకు చేరతాయి.

మీ ఆపా,
మెహనాజ్

---

హైదరాబాదు,
20 సెప్టెంబరు 2011

ఆపా, అస్సలాము అలైకుం.

ఖర్జూరాల్లో సగమే చేరాయి. నిన్నటి నుంచి బస్సులు కూడా ఆగిపోయాయి కాబట్టి ఈ ఉత్తరానికి స్టాంపు అంటించాను. అబ్బా క్షమించాలి.

పదకొండో మనిషి మా ఓనరు బావమరిది. రబ్బరు చెప్పులతో వచ్చాడు, నీళ్లిచ్చి పంపబోయాను. ఇక నవ్వుకో.

నీ ఉత్తరం చదివి రెండు రోజులు ఎవరి మొహమూ చూడలేకపోయాను. మూడో రోజు నుంచి మొదలుపెట్టాను చూడు! చెప్పుల వాళ్లు వస్తే చాలు, పింగాణీ కప్పుతో నేనే ఎదురెళ్తున్నాను. ఒకాయన మూడు కప్పులు తాగి సోఫాలోనే గుర్రు పెట్టాడు. "ఇది షోరూమా, ఇరానీ హోటలా?" అని మేనేజర్ కేకలు. అయినా నేను ఆగితేనా!

మొన్న వాన పడుతుంటే తరిగొప్పుల నుంచి వచ్చిన ముసలాయన ఒకాయన తలుపు దగ్గర తడుస్తున్నాడు. లోపలికి పిలిచి కాఫీ ఇచ్చి కార్లో కూర్చోబెట్టాను. "మంచం లెక్క మెత్తగున్నది బిడ్డా. గీన్ని ఎన్ని ఎడ్లు గుంజుతయ్?" అని అడిగి అందరినీ నవ్వించాడు. దిగేటప్పుడు మాత్రం తన తువ్వాలతో సీటంతా తుడిచి దిగాడు. ఆపా, నాకు ఏడుపొచ్చింది.

ఆ రోజు నుంచి ఫణీంద్ర సూత్రాన్ని తిరగేశాను. కాళ్లు చూడడమే మానేశాను. చెప్పుల వాళ్లు నిజం మనుషులు. కోటు తొడుక్కుని బూట్లు కిర్రుమనిపిస్తూ అరువు మాటలు మాట్లాడేవాళ్లున్నారే, వాళ్లవన్నీ దొంగవేషాలు. వాళ్ల వైపు కన్నెత్తి చూడను. నీ ఒట్టుకు ఇంకో మెట్టు ఎక్కించాను, సంతోషమేనా?

ఒక్క కారూ అమ్ముడుపోలేదు. అయినా గుండె తేలిగ్గా ఉంది.

నీ తమ్ముడు,
అకీల్

---

భూపాలపల్లి,
26 సెప్టెంబరు 2011, సోమవారం

అకీల్,
సలాములు తర్వాత! దొరికాడు! కారు కొనే మనిషి దొరికాడురా!

నీ నుంచి ఉత్తరం లేదు, కరెంటు లేక నా ఫోను మూలపడింది. అయినా ఆగలేక రాస్తున్నాను. నాతో రవికెలు కుట్టించుకునే నిర్మలమ్మ లేదూ, ఆమె భర్త మహిపాలన్న. మహదేవపూర్ దగ్గర పొలం, ఇక్కడ పన్నెండు బొగ్గు లారీలు. బాయి బందై లారీలన్నీ ఆగాయి, చేతి నిండా తీరిక. నిర్మలమ్మకు మోకాళ్ల నొప్పులు, వాళ్ల జీపు కుదుపులకు ప్రాణం పోతోందట. మెత్తని కారు కావాలంటోంది.

కానీ ఆయనకు షోరూం పేరెత్తితేనే మంట. పోయినేడు పట్నంలో ఏదో షోరూంకు చెప్పులతో వెళ్తే, వాచ్‌మన్ "డ్రైవర్లు అటు పక్క" అన్నాడట. మా తమ్ముడు అట్లాంటి వాడు కాదని గంటసేపు బతిమాలాను. ఆఖరికి, "సరే చెల్లె. నువ్వు పంపినవని నోరిప్ప. నీ తమ్ముడు ఆయనంతల ఆయన లేచొచ్చి కూసోమంటే మాట్లాడుత. లేకుంటే గా కారూ వద్దు, గా పట్నమూ వద్దు" అన్నాడు.

నువ్వు ఒట్టు వేశావో లేదో నాకేం తెలుసు? అందుకే నీ మొదటి ఉత్తరం ముందు పెట్టుకుని ఆయన్ను 'పార్టీ'గా తయారుచేశాను! మీ బావ పెళ్లికోటు విప్పి రెండు పక్కలా గుడ్డ కలిపాను. మీ బావ గడియారం పెట్టాను. బూట్లు కొందామంటే దుకాణాలు బంద్. పెట్టెలోంచి అబ్బా డ్యూటీ బూట్లు తీశాను. ఆయన పాదాలు చాటంత. బయటి పక్కలు కోసి, రెగ్జిన్ ముక్క కలిపి, దబ్బనంతో కుట్టాను. అంచు పోగులు లేస్తుంటే చుట్టూ కాజా కుట్టు వేసేశాను, నాకు చేతనైంది అదే కదా. నల్లదారం అయిపోయింది. నిర్మలమ్మ రవికె దారం చిలకపచ్చది ఉంటే దాంతో కుట్టి పైన పాలిష్ దట్టించాను.

"నాకెందుకమ్మా గీ వేషం? నా చెప్పులు నాకు లేవా?" అన్నాడు పాపం. "ఊకో అన్నా, పట్నమోల్లు కాళ్లు చూస్తరు" అన్నాను. నీ "ఏమిటండీ" లాగే "ఏమండీ" అనడం కూడా నేర్పాను.

వచ్చే సోమవారం షోరూంకు వస్తాడు. కొడుకు హర్షిత్ ఇంజినీరింగ్ చదువుతున్నాడు, దిల్‌సుఖ్‌నగర్‌లో వాడి హాస్టల్లో దిగుతాడు. చిరునామా వెనక రాశాను. ఈ ఉత్తరం శుక్రవారానికల్లా అందుతుంది. ఏమీ తెలియనట్టు లేచి వెళ్లి కూర్చోబెట్టు. అంతే!

సంతోషం పట్టలేని
మీ ఆపా

---

హైదరాబాదు,
3 అక్టోబరు 2011

ఆపా, అస్సలాము అలైకుం.

నీ ఉత్తరం ఏదీ రాలేదు, కానీ ఇవాళ జరిగింది నీకు చెప్పి తీరాలి. నీ తమ్ముడు మాట మీద నిలబడ్డాడు!

మధ్యాహ్నం ఒక కోటు మనిషి దిగాడు. ఈ ఎండలో కోటు! పైగా ఆ కోటు ఏ మహానుభావులు కుట్టారో గానీ దిండు గలీబులా ఉంది, చెయ్యెత్తితే చంకలో పట్టేస్తోంది. కిర్రుకిర్రుమని నడుచుకుంటూ వచ్చి "ఏమండీ, కార్లు ఉన్నవాండీ?" అన్నాడు. నవ్వాపుకోలేక చచ్చాను. ఫణీంద్ర గడియారం చూసి 'ఫోటో' అని తేల్చి ఫోన్లో పడ్డాడు. నేనైతే కాళ్లు కూడా చూడలేదు. మానేశానని చెప్పాను కదా.

పాపం అరగంట సోఫాలో కూర్చున్నాడు. టీ కూడా పోయలేదు. ఎందుకో నా వైపే చూస్తున్నాడు. సరిగ్గా అప్పుడే చెప్పులతో ఇద్దరొచ్చారు. ఆయన కళ్లముందే వాళ్లకు రెండు పింగాణీ కప్పులు అందించి, చూసుకో నాటకాలరాయుడా అని లోపల అనుకున్నాను. కాసేపటికి చూస్తే సోఫా ఖాళీ.

అబ్బా చూస్తే మెచ్చుకునేవాడు కదూ?

నీ తమ్ముడు,
అకీల్

---

భూపాలపల్లి,
5 అక్టోబరు 2011

అకీల్‌కు, ముబారక్! వెయ్యి ముబారక్‌లు!

సోమవారం దాటి రెండు రోజులు. మహిపాలన్న ఇంకా తిరిగి రాలేదంటే కారు కాగితాల పనిలో ఉన్నట్టే కదా? నిర్మలమ్మ అప్పుడే దిష్టికి నిమ్మకాయలు తెప్పించింది. నేను ఆగలేక నిన్ననే ముజాహిద్‌ను ఎవరిదో మోటారు సైకిల్ మీద మహబూబాబాదు పంపాను. కారు అమ్ముడైందని చెప్పగానే షిఫా వాళ్ల అబ్బా బక్రీదు తర్వాత రెండో శుక్రవారం నిఖా ఖాయం చేశాడు! వాడకట్టంతా చక్కెర పంచాను.

కోటు చూశావు కదా? ఎట్లా కుదిరింది? నిజం చెప్పు.

మీ ఆపా

---

హైదరాబాదు,
9 అక్టోబరు 2011

ఆపా,

కారు అమ్ముడుపోలేదు. ముందు ఈ మాట చదివి, నీళ్లు తాగి, మిగతాది చదువు.

మంగళవారం పొద్దున షోరూం ఊడ్చే జమ్లీ అక్క సోఫా కింద నుంచి ఒక జత బూట్లు తీసింది. మహబూబాబాదు దగ్గర తండా ఆమెది. "గీ బూట్లు ఎవరియో! ఒట్టికాళ్లతోని పోయినట్టున్నడు" అంది. అందరూ చుట్టూ చేరి ఒకటే నవ్వులు. "ఎవరో బూటుకి రవికె కుట్టు కుట్టారండీ" అన్నాడు ఫణీంద్ర. నేనూ నవ్వుతూనే వంగి చూశాను.

పాలిష్ రాలి చిలకపచ్చ దారం బయటపడింది. కాజా కుట్టు. బూటుకు కాజా కుట్టు వేసే మనిషి ఈ భూమ్మీద ఒక్కతే ఉంది ఆపా. కుడి బూటు తిరగేశాను. ఎక్సలేటర్ తొక్కీ తొక్కీ పడిన గుంట. చిన్నప్పుడు రోజూ నేను పాలిష్ పట్టిన గుంట అది. నునుపు నేల మీదే బూటు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. అబ్బా బూట్లు నా షోరూంకు వచ్చి, అరగంట కూర్చుని, దాహంతోనే వెళ్లిపోయాయి.

ఎవరు వేసుకొచ్చారో, ఎందుకో తెలియదు. నీ ఫోను పలకలేదు. పిచ్చెక్కినట్టు నాలుగు రోజులు తిరిగాను. దసరా సెలవు వెళ్లాక శనివారం పోస్టుమన్ నీ సోమవారం ఉత్తరమూ ముబారక్ ఉత్తరమూ రెండూ కలిపి ఇచ్చాడు. మేనేజర్‌కు చెప్పకుండానే బూట్లు సంచిలో వేసుకుని దిల్‌సుఖ్‌నగర్ పరుగెత్తాను.

మహిపాలన్న హాస్టల్ గదిలో లుంగీ కట్టుకుని, బకెట్ నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాడు. "అన్నా, నేను మెహనాజ్ తమ్ముణ్ణి. తప్పైంది" అన్నాను. "ఏమిటండీ"లన్నీ ఎక్కడ పోయాయో.

"ఎరుకే. నీ అంగి మీద పేరు సూసిన గద" అన్నాడు. "అరగంట నిన్నే సూసిన. చెప్పులోల్లకు నువ్వు కాఫీ ఇస్తుంటే, అరె, నా చెప్పులు నేనేసుకొనొస్తే అయిపోవు గద అనుకున్న!" అని నవ్వడం మొదలుపెట్టాడు. బకెట్లో నీళ్లు చిందేదాకా నవ్వాడు.

"కోపం రాలేదా అన్నా?"

"ఎందుకు రాలే? నీ మీద గాదు, గా బూట్ల మీద. బొబ్బలు సూడు."

పాదాలు రెండూ పుండ్లు పడి ఉన్నాయి. మందు తెచ్చి నేనే రాశాను. వచ్చినవాళ్ల కాళ్లు చూసి పేర్లు పెట్టడమే గానీ, ఒక మనిషి పాదం చేతిలోకి తీసుకోవడం ఇదే మొదలు.

కారు మాట నేను ఎత్తలేదు, ఆయనే ఎత్తాడు. "తీసుకుంట తమ్మీ. గని గిప్పుడు గాదు. బాయి బందున్నది. నా డ్రైవర్ల ఇండ్లల్ల పొయ్యి రాజేసుడే కష్టమైతున్నది. వాళ్ల ముంగట గంత పెద్ద కారు దిగితే నాకు బువ్వ దిగదు. సమ్మె ఒడిసినంక వస్త." దీపావళి గడువు సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. ఆ మాటకు ఎదురు చెప్పే మొహం నాకు లేదు.

షిఫా వాళ్ల అబ్బాకు నిజం చెప్పించు ఆపా. తారీఖు తీసేస్తే తీసెయ్యనీ. అబద్ధం మీద నిఖా వద్దు.

కోటు గురించి నేను రాసింది ఈపాటికి చదివే ఉంటావు. నీ చేతి పని అని తెలియదు. వచ్చాక తన్ను, పడతాను.

అకీల్

---

భూపాలపల్లి,
28 అక్టోబరు 2011

నా తమ్ముడు అకీల్‌కు,
వ అలైకుం సలాం.

దిండు గలీబా? నిఖాకు నీ షేర్వాణీ నేనే కుడతాను. అప్పుడు తెలుస్తుంది.

బస్సులు నడుస్తున్నాయి, ఇది మళ్లీ సోమనర్సయ్య మామ చేతికే. ఈసారి ఖర్జూరాలు పెట్టలేదు.

ముందు మహబూబాబాదు కబురు. మీ బావ వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. షిఫా వాళ్ల అబ్బా గాజులు సర్దుతూనే అంతా విన్నాడట. తర్వాత, "పగిలిన గాజును దాసిపెట్టి అమ్మెటోల్లనే సూసిన. పగిలిందని ఇంటికొచ్చి చెప్పెటోల్లను గిప్పుడే సూస్తున్న. తారీఖు గట్లనే ఉంచున్రి" అన్నాడట. ముజాహిద్ ఆ మాట చెబుతూ ఏడ్చాడు, నేనూ ఏడ్చాను.

సమ్మె ఆగి మీ బావ బాయి దిగాడు. రాష్ట్రం రాలేదు గానీ వస్తుంది, రాక ఎటుపోతుంది! లారీలు కదిలిన వారంలోపే మహిపాలన్న పంచె కట్టి, తన చెప్పులు తాను వేసుకుని పట్నం బయలుదేరాడు. అక్కడ జరిగింది ఊరంతా చెప్పుకు తిరుగుతున్నాడు. ఆ చెప్పులు చూసి ఈసారి ఫణీంద్రే కాఫీ కప్పుతో ఎదురొచ్చాడట కదా! "మంచిది సార్, గని నేను అకీలు కోసమొచ్చిన" అన్నాడట. నువ్వు మేనేజర్ ముందే "ఏందన్నా, కాళ్లు తగ్గినయా?" అని గట్టిగా అడిగావట. దీపావళికి నాలుగు రోజుల ముందే కారు తీసుకున్నాడు! ఉద్యోగం పక్కా అయిన కాగితం రెండు చేతులా భద్రంగా దాచుకో.

మొన్న పండగనాడు కారు మా వాడకట్టుకు వచ్చింది. నిర్మలమ్మ ముందు సీట్లో మహారాణిలా కూర్చుంది. "ఎక్కు చెల్లె" అన్నాడు మహిపాలన్న. ఎక్కాను. గణపురం దాకా వెళ్లాక కాళ్ల కింద మెత్తగా తగిలితే చూసుకున్నాను. చెప్పులు లేవు! మన ఇంటి ముందు రోడ్డు మీదే విడిచి ఎక్కాను. వాటిని పట్టుకుని నిలబడ్డ మీ బావను చూసి వాడకట్టంతా నవ్వుతున్నారట.

అందరితో పాటు నేనూ నవ్వాను గానీ, ఇంటికొచ్చాక సిగ్గేసింది. చెప్పులు చూసి మనిషికి పేరు పెట్టావని నిన్ను అన్ని మాటలన్నాను. మరి నా చెప్పులు నాకు లేవా అని అడిగిన పెద్దమనిషికి కోటు తొడిగింది ఎవరు? నేనే. మీ వాళ్లు కాళ్లు చూసి నీళ్లిచ్చారు, నేను కాళ్లు చూసి బూట్లు కుట్టాను. నాది పెద్ద తప్పు అకీల్. మహిపాలన్నకు చెప్పుకున్నాను, ఇప్పుడు నీకు చెబుతున్నాను.

అబ్బా బూట్లు నీ దగ్గరే ఉన్నాయిగా. నీ పాదాలూ వెడల్పే, సరిపోతాయి. నిఖాకు అవే వేసుకునిరా. చిలకపచ్చ దారం అందరికీ కనిపిస్తుంది, కనిపించనీ. పాలిష్ వెయ్యకు.

మీ ఆపా,
మెహనాజ్